ఆకులు తగ్గించవలెను

ముక్తేవరం పురపాలక సంఘానికి ఒక పార్కు ఉంది. అది చాలదనీ, దానికొక నకలు కూడా ఉండి తీరాలనీ కమిషనర్ దివాకరవర్మ గారికి రాజధానిలో జరిగిన ఒక సదస్సులో జ్ఞానోదయమైంది. సదస్సులో ఎవరో ఆయన కళ్ళకు పెద్ద నల్లటి అద్దాలు తగిలించారు. అద్దాల్లో ఏదో అడవి కనబడింది. అడవిలో జింక కనబడింది. జింకను నిమరబోయి ఆయన కాఫీ తెస్తున్న సర్వరు ట్రేని నిమిరారు. చొక్కా పాడైంది గానీ మనిషి మారిపోయి తిరిగొచ్చారు.

"ఇకమీదట పౌరుడు పార్కుకు రావడం కాదు, పార్కే పౌరుడి కళ్ళలోకి ప్రవేశించాలి," అని మర్నాడు సిబ్బంది సమావేశంలో ప్రకటించారు. "పథకం పేరు జంటవనం."

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడి ఉన్న పార్కు సూపరింటెండెంటు ఆకుల సోమలింగం కూడా కొట్టాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చప్పట్లు కొట్టడం ఆయనకు కొత్త కాదు. కొట్టాక సందేహం రావడం కూడా కొత్త కాదు. ఈసారి మాత్రం సందేహం నోట్లోంచి జారిపోయింది.

"కళ్ళద్దాలు పెట్టుకుని పార్కు చూడ్డానికి జనం ఎక్కడికి రావాలండీ?"

"పార్కుకే. వాచ్‌మన్ గది ఉంది కదా, అందులో ఏర్పాటు చేద్దాం."

"అంటే, పార్కులోంచి నడిచొచ్చి, గదిలో కూర్చుని, పార్కు చూస్తారాండీ?"

"చూడరు సోమలింగం గారూ. అనుభూతి చెందుతారు."

ఆ పార్కులో చెప్పుకోదగ్గది ఒకటుంది. నడిమధ్యన ఒక నిద్రగన్నేరు చెట్టు. అరవై ఏళ్ళది. దాని కొమ్మల కింద రెండు పెళ్ళివిందులు ఒకేసారి వడ్డించవచ్చు. సాయంత్రమయ్యేసరికి ఆకులన్నీ ముడుచుకుని పడుకుంటుంది. సోమలింగం భార్య హైమావతి, మరో పది పన్నెండు మంది ఆడవాళ్ళు రోజూ ఆ వేళకి దాని కిందికి చేరేవారు. సంఘం పేరు సాయంకాలపు నడక సంఘం. అధ్యక్షురాలు హైమావతి. నడక కాస్త, కబుర్లు మరికాస్త, పగలబడి నవ్వడం దండిగా జరిగేవి.

హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. డ్రోన్లు ఎగరేశారు. ప్రతి ఆకునూ, ప్రతి గడ్డిపోచనూ ఫొటో తీసుకుపోయారు. మూడు నెలల్లో నకలు పార్కు తయారైందని కబురు పెట్టారు. గాలి వీస్తే కొమ్మలూగుతాయట, కొలనులో నీళ్ళు తళతళలాడతాయట. పథకానికి వచ్చిన నిధులన్నీ వాళ్ళకే సరిపోయాయి. కంప్యూటరు కొనడానికి మిగిలింది కొనుగోలు కమిటీ ఒక్కటే.

కమిటీకి కమిషనరు గారు అధ్యక్షుడు, అకౌంట్స్ ఆఫీసర్ చిదంబరం గారు సభ్యుడు, సోమలింగం కన్వీనరు. బజారులో కంప్యూటర్ల దుకాణం నడిపే నూకరాజును పిలిపించారు. నూకరాజు మూడు రంగుల కాగితాలు తెచ్చి బల్లమీద పరిచాడు.

"సార్, మామూలు కంప్యూటరు ఉత్తరాలు కొట్టుకోడానికండి. ఇదేమో లోకాన్ని లాగాలండి. ఆకులన్నీ ఒక్కసారే గియ్యాలి. మీరు తల తిప్పారనుకోండి, మళ్ళీ అన్నీ గియ్యాలి. అందుకని విడిగా గ్రాఫిక్స్ కార్డుండాలండి. అలాగని బాగా ఖరీదైందేం అక్కర్లేదు. మధ్యరకం కార్డూ, పదహారు జీబీ ర్యామూ, ఓ గట్టి పవర్ సప్లై. మన ఊళ్ళో కుర్రోళ్ళు గేములాడుకోడానికి కొనుక్కుంటారు చూడండి, అదే. చవకలో పనైపోద్దండి."

గేములు అన్న మాట బల్లమీద పడగానే చిదంబరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే ఎవరి ఫైలో మూతపడబోతోందని అర్థం.

"గేమింగ్ కంప్యూటరా?"

"ఆయ్, అలాగే అంటారండి."

"గేమింగ్ అనగా జూదమని ప్రభుత్వం వారు ఇదివరకే ఉత్తర్వు లిచ్చియున్నారు. పురపాలక సంఘం జూదపు సామగ్రి కొన్నదని రేపు పేపర్లో వస్తే సమాధానం ఎవరు చెబుతారు?"

"ఆడ్డానికి కాదండి, చెట్టు చూడ్డానికండి!" అన్నాడు నూకరాజు.

"పేకాటకని ఎవరూ పేక కొనరు నాయనా. కాలక్షేపానికనే కొంటారు." చిదంబరం గారు రెండో కాగితం లాక్కున్నారు. "ఇదేమిటి, కార్డు? కార్డులన్నీ ప్రింటింగు, స్టేషనరీ పద్దు కింద వస్తాయి. మనమే అచ్చు వేయించుకోవచ్చు. వెయ్యికి తక్కువైతే ప్రెస్సువాడు ఒప్పుకోడు. వెయ్యి వేయిద్దామా?"

నూకరాజు సోమలింగం వైపు చూశాడు. సోమలింగం కిటికీ వైపు చూశాడు.

"కార్డంటే అది కాదండి. అదో బిళ్ళ. దానికి వేడెక్కుద్దని రెండు ఫ్యాన్లుంటాయి. కంప్యూటరు పెట్టెకి ఇంకో ఫ్యాను..."

"మూడు ఫ్యాన్లా!" చిదంబరం గారు ఈసారి నిజంగానే బాధపడ్డారు. "మా సెక్షన్‌లో ఆరుగురికి ఒక్క ఫ్యాను. అది కూడా ఎండాకాలంలో తిరగదు. గెజిటెడ్ హోదా లేని యంత్రానికి మూడు ఫ్యాన్లు ఏ నిబంధన ప్రకారం ఇవ్వాలి? దీని కేడర్ ఏమిటి?"

కమిషనరు గారు గొంతు సవరించుకున్నారు. "మెమొరీ విషయం కూడా పరిశీలించండి. పదహారంటున్నాడు. మన ఆఫీసు నాలుగుతో నడుస్తోంది. ఆఫీసులో జ్ఞాపకశక్తి మరీ ఎక్కువైతే పరిపాలనకు ఇబ్బంది."

సోమలింగం ఉండబట్టలేకపోయాడు. "సార్, ఆటో కొనేసి అందులో ఏనుగునెక్కించమంటే ఎక్కదు కదండీ..."

"ఏనుగు ఈరోజు అజెండాలో లేదు," అన్నారు కమిషనరు గారు.

తీర్మానం అయిపోయింది. గేమింగుకు సంబంధం లేనిదీ, కార్డు లేనిదీ, ఒకే ఒక్క ఫ్యాను కలిగినదీ అయిన సరసమైన కంప్యూటరొకటి అతి తక్కువ ధరకు కొన్నారు. ఆఫీసులో జనన మరణ ధ్రువపత్రాలు కొట్టే కంప్యూటరుకు అది చిన్న చెల్లెలు. సంతకాలు ముగ్గురూ పెట్టారు. సోమలింగం సంతకం మిగతా ఇద్దరి సంతకాల కంటే కాస్త చిన్నదిగా పెట్టాడు. నిరసన తెలపడానికి ఆయనకు అంతకంటే వీల్లేకపోయింది.

ప్రయోగ పరీక్ష రోజున వాచ్‌మన్ గదిలో కమిషనరు గారు కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకున్నారు. నూకరాజు మీట నొక్కాడు.

"ఏం కనబడుతోందండీ?" సోమలింగం అడిగాడు.

"గుండ్రంగా ఏదో తిరుగుతోంది."

"అది ఆలోచిస్తందండి," అన్నాడు నూకరాజు.

టీ వచ్చింది, తాగారు. గేటు కనబడింది. కమిషనరు గారు గేటును మెచ్చుకున్నారు. భోజనానికి వెళ్ళొచ్చేసరికి నిద్రగన్నేరు మొదలు వచ్చింది. ఆ తరవాత ఒక కొమ్మ. కొమ్మకు ఆకులు రాబోతున్నాయనగా కంప్యూటరు లోపలున్న ఒక్కగానొక్క ఫ్యాను పిచ్చుకలా కీచుమంది. మాడు వాసన వచ్చింది. తెర మొత్తం నీలంగా మారిపోయింది.

"ఆకాశం వచ్చింది!" కమిషనరు గారు కుర్చీలోనే సగం లేచారు. "అబ్బ, ఎంత సహజంగా ఉందయ్యా! కింద ఇంగ్లీషులో ఏవో అక్షరాలు కూడా ఉన్నాయి."

అది ఆకాశం కాదనీ, కంప్యూటరు మూర్ఛపోతే వచ్చే నీలమనీ ఆయనకు నచ్చజెప్పడానికి నూకరాజు తల ప్రాణం తోకకొచ్చింది. "సార్, తప్పు చెట్టుది కాదు, కంప్యూటరుదీ కాదండి. ఈ కంప్యూటరుకి ఆ చెట్టు ఎక్కువైపోయింది. కంప్యూటరు మార్చండి."

"నిబంధనల ప్రకారం కొన్న కంప్యూటరు అయిదేళ్ళ దాకా మార్చరాదు. అంతకన్న సులువైనది చూడు," అన్నారు కమిషనరు గారు.

"అయితే ఆకులు తగ్గించాలండి."

"తగ్గించు. అందులో ఆలోచించడానికేముంది?"

నూకరాజు కూర్చుని తగ్గించడం మొదలుపెట్టాడు. ముందు గాలి తీసేశాడు. తరవాత ఆకుల్లో సగం, మిగిలినదాంట్లో సగం. అయినా తెర ముందుకు జరగలేదు. కొలను తీసేశాడు. పూలమొక్కలు తీసేశాడు. నీడలు చాలా బరువని నీడలు తీసేశాడు. మనుషులు రకరకాలుగా ఉంటే మోయలేదని నీలం చొక్కా మగమనిషినొకణ్ణి, పసుప్పచ్చ చీర ఆడమనిషినొకదాన్ని ఉంచి, ఎంతమంది కావాలంటే అంతమందికీ ఆ రూపాలే తొడిగాడు. వాళ్ళ మొహాల్లో కదలికలు తీసేశాడు. మెలికలు తిరిగిన కాలిబాటను స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా చేశాడు. చివరికి నిద్రగన్నేరును కూడా తీసేస్తేగాని బండి కదల్లేదు. దాని చోట కొసతేలిన పకోడీ పొట్లాల్లాంటి చెట్లు నాలుగు పెట్టాడు.

పార్కు పరిగెత్తింది.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. ఉచిత దర్శనం కావడంతో హైమావతి కూడా సంఘం సభ్యులతో వచ్చింది. వాళ్ళతోపాటే కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తల తిప్పింది.

"ఏవండీ, ఇది మన పార్కేనా? శ్మశానమైనా ఇంతకంటే సందడిగా ఉంటదే!"

"నెమ్మదిగా మాట్లాడు హైమా, కమిషనరు గారున్నారు."

"నా పక్కన నుంచుంది ఎవరండీ, నాలాగే ఉంది?"

"మీ సంఘం రాజ్యలక్ష్మి గారే."

"అటు పక్కనున్నది?"

"ఆవిడా రాజ్యలక్ష్మి గారిలాగే... అంటే నీలాగే... అందరూ అలాగే ఉంటారు."

హైమావతి అద్దాలు తీసి ఆయన చేతిలో పెట్టి, గది బయటికొచ్చి, నిద్రగన్నేరు కింద కూర్చుని సంఘంతో కలిసి కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. అక్కడితో కథ అయిపోవలసింది. నవ్వుతో పోయే పథకాలు ప్రభుత్వంలో ఉండవు.

నెల తిరక్కుండా జిల్లా సరిపోలిక అధికారిణి మందాకిని గారు తనిఖీకి వచ్చారు. జంటవనం మార్గదర్శకాల్లో పద్నాలుగో నిబంధన అమలయిందో లేదో చూడడం ఆవిడ పని. ఆ నిబంధన ఒక్క వాక్యం: అసలుకూ నకలుకూ మధ్య ఎట్టి వ్యత్యాసమూ ఉండరాదు. ఆవిడ ముందు గదిలో నకలును చూశారు. తరవాత బయటికొచ్చి అసలును చూశారు. మళ్ళీ లోపలికెళ్ళారు. మళ్ళీ బయటికొచ్చారు. మొహం గంభీరమైంది.

"చాలా వ్యత్యాసం ఉంది. చెప్పడానికి విచారిస్తున్నాను, ఇది అవకతవక కిందికి వస్తుంది."

"నకలును సరిచేయించేస్తామండి," సోమలింగం ఆత్రంగా అన్నాడు. "మంచి కంప్యూటరొకటి మంజూరు చేయిస్తే..."

"నకలు మార్చాలంటే అయిదేళ్ళు ఆగాలి. నేను తొంభై రోజుల్లో నివేదిక పంపాలి. అసలు మార్చడానికి ఏమైనా అభ్యంతరం ఉందా?"

చిదంబరం గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "అసలు మార్చరాదని ఎక్కడా నిబంధన లేదండి. పైగా పార్కు నిర్వహణ పద్దులో కొమ్మలు కొట్టడానికి నిధులున్నాయి. ఖర్చు కాక మురిగిపోతున్నాయి."

"అయితే ఇంకేం," అన్నారు మందాకిని గారు.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర సోమలింగం సంగతి చెప్పాడు. హైమావతి వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"చెప్పు కోసం కాళ్ళు కోసుకుంటారని మా నాయనమ్మ అంటుండేది. వేళాకోళానికి అంటందనుకునేదాన్ని. నిజంగానే కోసుకుంటారా?"

"ఏదో కాస్త పూలమొక్కలవీ తీస్తారు. చెట్టు దాకా రాదులే."

"మీరుండగా రాదంటారు. అంతేనా?"

"అంతే," అన్నాడు సోమలింగం. అని మజ్జిగ పోసుకున్నాడు.

మొదట పూలమొక్కలు పోయాయి. తరవాత కొలను పూడ్చారు. కొలనులో తాబేళ్ళను ఎక్కడికి పంపాలో తెలియక ఆరోగ్యశాఖకు బదిలీ చేశారు. మెలికల కాలిబాటను తవ్వి తిన్నగా వేశారు. మలుపు తిరగవలసిన చోట సందర్శకులు ఆగి, తొంభై డిగ్రీలు తిరిగి, మళ్ళీ బయల్దేరాలని బోర్డు పెట్టారు. మగవాళ్ళు నీలం చొక్కాతోనూ, ఆడవాళ్ళు పసుప్పచ్చ చీరతోనూ మాత్రమే లోపలికి రావాలన్నారు. బజారులో పసుప్పచ్చ చీరల దుకాణదారు కమిషనరు గారికి సన్మానం చేశాడు.

నీడల దగ్గర పని చిక్కుపడింది. నకలులో నీడలు లేవు. అసలులో మనిషన్నవాడికల్లా ఒకటుంది. కమిటీ దీర్ఘంగా చర్చించింది. చివరికి చిదంబరం గారికి చిన్నప్పటి పాఠం గుర్తొచ్చింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీడ కాళ్ళకిందే దాక్కుంటుంది. వెంటనే ఉత్తర్వు వెలువడింది. పార్కు ఇకపై మిట్టమధ్యాహ్నం మాత్రమే తెరిచి ఉంచబడును.

ఆ ఎండలో కూడా హైమావతి సంఘం వచ్చింది. పసుప్పచ్చ చీరలు కట్టుకుని, నెత్తిన తడిగుడ్డలు వేసుకుని, మలుపు దగ్గర ఆగి, తిరిగి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. వాచ్‌మన్ ఈలవేసి పరిగెత్తుకొచ్చాడు.

"నవ్వకూడదమ్మా! మొహం కదలకూడదని ఆర్డరొచ్చింది."

"నవ్వు రాకుండా ఉండాలంటే ఆ ఆర్డరు చదవకుండా ఉండాలి నాయనా," అంది హైమావతి.

ఆవిడ తడిగుడ్డ తీసి, గబగబా నిద్రగన్నేరు కిందికి నడిచింది. మిగతావాళ్ళు వెనకాలే వెళ్ళారు. పార్కు మొత్తమ్మీద మనిషి నిలవగలిగిన చోటు అదొక్కటే మిగిలింది. దాని కింద అంత చల్లని నీడ, నిబంధనలకు పూర్తి విరుద్ధంగా, పరుచుకుని ఉంది.

చెట్టు ఫైలు సోమలింగం బల్లమీదికి ఒక సోమవారం వచ్చింది. ఆయన దాన్ని రెండు రోజులు తెరవలేదు. మూడోరోజు ఒక నోటు రాసుకుని కమిషనరు గారి గదికి వెళ్ళాడు. చెట్టును వ్యత్యాసంగా కాక మినహాయింపుగా పరిగణించమని అందులో వేడుకున్నాడు. కమిషనరు గారు నోటు చదివి, మడిచి ఫైల్లో పెట్టారు.

"నాకు మాత్రం మనసులేదా సోమలింగం గారూ? ఆ చెట్టంటే నాకూ ఇష్టమే. తొలగింపు బాధాకరమైన చర్య. బాధ కలిగినట్టు ఫైల్లో రాయండి. నేను ఏకీభవిస్తాను."

"రాస్తే చెట్టు ఉంటుందాండీ?"

"చెట్టు ఉండదు. బాధ రికార్డులో ఉంటుంది. సరిపోలిక సాధించిన మొదటి పురపాలక సంఘం మనదే అవుతుంది. మీ పదోన్నతి సంగతి కూడా నా పరిశీలనలో ఉంది."

సోమలింగం ఆ వాక్యం విననట్టు నటించాడు. కానీ విన్నాడు. బాధ కలిగినదని రాశాడు. దాని కింద సంతకం పెట్టాడు. ఈసారి సంతకం చిన్నది చెయ్యలేదు. ఎంత చిన్నగా పెట్టినా రంపం ఒకలాగే కోస్తుందని అప్పటికి తెలిసిపోయింది.

కోతకు రెండు రోజులు పట్టింది. హైమావతి రెండు రోజులూ గేటు బయట నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. చివరి దుంగను లారీకి ఎక్కించాక ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి మొగుడితో మాటలు బందు. కంచంలో అన్నం ఉండేది, గ్లాసులో నీళ్ళుండేవి, మజ్జిగ వేళకు వచ్చేది. ఏవండీ అన్న పిలుపొక్కటి రాలేదు. ముప్పై ఏళ్ళుగా రోజుకు ఎన్నిసార్లు విన్నాడో లెక్కపెట్టని ఆ మాట ఆగిపోయేసరికి, ఇల్లు కూడా నూకరాజు నడిపిస్తున్న నకలేమోనని సోమలింగానికి అనుమానం వచ్చింది.

మందాకిని గారు మళ్ళీ వచ్చారు. లోపల చూశారు, బయట చూశారు. లోపల నాలుగు పకోడీ పొట్లాలు. బయట కూడా ఇనుపరేకుతో చేయించి ఆకుపచ్చ రంగు వేసినవి నాలుగు. లోపల నిర్మానుష్యం. బయట కూడా అదే, మిట్టమధ్యాహ్నం ఆ రేకుల మధ్యకు ఎవరూ రావడం లేదు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"నా సర్వీసులో ఇంత సంపూర్ణమైన సరిపోలిక చూడలేదు."

ముక్తేవరానికి రాష్ట్రస్థాయి ప్రథమ బహుమతి వచ్చింది. కమిషనరు గారు వేదికమీద శాలువా కప్పించుకున్నారు. బహుమతిగా ఒక పెద్ద అట్టపెట్టె ఇచ్చారు. ముక్తేవరం తెచ్చి విప్పితే అందులో కంప్యూటరుంది. మెడలోతు మెమొరీ, ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు, ఆరు ఫ్యాన్లు. నూకరాజు దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"సార్! ఇది గేమింగ్ కంప్యూటర్లకి బాబండి!"

"ఆ పేరెత్తకు," చిదంబరం గారు గద్దించారు. "దీని పేరు దృశ్యానుభూతి యంత్రమని ప్రభుత్వం వారే రాశారు. బహుమతిగా వచ్చింది కనక కొనుగోలు నిబంధనలు వర్తించవు. ఫ్యాన్ల విషయంలో నేను మౌనం వహిస్తున్నాను."

కంపెనీ వాళ్ళు మొదట ఇచ్చిన నకలు, ఒక్క ఆకు కూడా తగ్గించనిది, నూకరాజు దగ్గరే భద్రంగా ఉంది. దాన్ని కొత్త కంప్యూటరులో ఎక్కించాడు. "సూపరింటెండెంటు గారూ, మీరు చూడండి ముందు," అని కళ్ళద్దాలు సోమలింగానికి తొడిగాడు.

గేటు వచ్చింది. మెలికల కాలిబాట వచ్చింది. కొలను, కొలనులో వెలుగు. తల ఎత్తాడు. నిద్రగన్నేరు మొత్తం ఒక్కసారిగా ఆయనమీదికి వచ్చేసింది. కొమ్మ కొమ్మా ఊగుతోంది. నేలమీద నీడ కదులుతోంది. నూకరాజు అందులో పొద్దు గుంకించాడు కాబోలు, వెలుతురు పలచబడుతుంటే ఆకులు ఒకదానికొకటి జత కలుపుకుని మెల్లగా ముడుచుకోసాగాయి. సోమలింగం చెయ్యి చాపాడు. చేతికి వాచ్‌మన్ గది గోడ తగిలింది. గోడ వేడిగా ఉంది.

ఆయన అద్దాలు చాలాసేపటి దాకా తియ్యలేదు. తీశాక మొహం తుడుచుకుని, అద్దాలు బిగుతుగా ఉన్నాయన్నాడు.

ఊరంతా విరగబడింది. పోయిన చెట్టును చూడడానికి గది ముందు బారులు తీరారు. ఆ సందడి జిల్లా కేంద్రానికి వినిపించి మందాకిని గారు వచ్చారు. లోపల చూశారు, బయట చూశారు. మొహం గంభీరమైంది.

"చాలా వ్యత్యాసం ఉంది."

కమిటీ అత్యవసరంగా కూడింది. నకలు తగ్గిద్దామంటే ప్రభుత్వం బహుమతిని అవమానించినట్టవుతుంది. అసలు పెంచడం ఒక్కటే దారి. పూలమొక్కలు దొరుకుతాయి. కొలను తవ్వుకోవచ్చు. తాబేళ్ళను ఆరోగ్యశాఖ నుంచి వెనక్కి పిలిపించవచ్చు. చెట్టు దగ్గరికి వచ్చేసరికి కమిషనరు గారు పెన్ను మూత పెట్టారు, తీశారు.

"కొటేషన్లు పిలవండి," అన్నారు చివరికి.

మర్నాడు పేపర్లో ప్రకటన పడింది. నిద్రగన్నేరు చెట్టు, వయసు అరవై సంవత్సరములు, సంఖ్య ఒకటి, సరఫరా చేసి నిలబెట్టుటకు సీల్డు కొటేషన్లు కోరడమైనది. అతి తక్కువ ధర వారికి ప్రాధాన్యత.

గడువు ముగిసేనాటికి పెట్టెలో ఒకే ఒక్క కవరు పడింది. సోమలింగం దాన్ని చించి, లోపలి అక్షరాలు చూసి, కూర్చున్న కుర్చీలో సర్దుకున్నాడు. కిరాణా చీటీల మీద, మందుల అట్టలమీద ముప్పై ఏళ్ళుగా చూస్తున్న చేతిరాత.

"చదవండి," అన్నారు కమిషనరు గారు.

సోమలింగం చదివాడు. "సాయంకాలపు నడక సంఘం, ముక్తేవరం. సరఫరా చేయు వస్తువు, మీరు కోరినటువంటి చెట్టే. ధర, ఉచితం. సరఫరా గడువు, అరవై సంవత్సరములు. షరతు ఒకటి. సరఫరా పూర్తయ్యే వరకు పురపాలక ఉద్యోగులు ఎవ్వరూ చెట్టును గాని, దాని చుట్టూ ఉన్న స్థలాన్ని గాని ముట్టుకొనరాదు. ఇట్లు, అధ్యక్షురాలు, ఆకుల హైమావతి."

చిదంబరం గారు కళ్ళజోడు తీశారు. కానీ తుడవలేదు. "గడువు కొంచెం ఎక్కువగా ఉంది. అయితే ఇంతకంటే తక్కువ ధర సాధ్యం కాదు. నిబంధనల ప్రకారం తిరస్కరించడానికి నాకు ఆధారం కనబడటం లేదు."

"అరవై ఏళ్ళ దాకా తనిఖీలో ఏం చెబుతాం?" కమిషనరు గారు అడిగారు.

"సరఫరా జరుగుతున్నది అని చెబుతామండీ," అన్నాడు సోమలింగం. మొత్తం సర్వీసులో ఆయన తడుముకోకుండా చెప్పిన జవాబు అదొక్కటే.

కమిషనరు గారి మొహం విప్పారింది. అరవై ఏళ్ళపాటు ఎవరూ తప్పు పట్టలేని ఫైలు ఆయన జీవితంలో ఎప్పుడూ చూడలేదు. కొటేషను ఆమోదించారు. షరతు అక్షరాలా అమలు చేయాలని సిబ్బందికి ఉత్తర్వు కూడా ఇచ్చారు. దాన్ని టైపు చేయించి నోటీసు బోర్డుకు అంటించింది సోమలింగమే.

ఆదివారం పొద్దున సంఘం ఆడవాళ్ళు గునపాలు తెచ్చి, రేకు చెట్లు నాలుగూ పీకి, పాత మొదలుకు కాస్త పక్కగా గొయ్యి తీశారు. మూరెడు మొక్క. గాలొస్తే మొత్తం వొంగిపోతోంది. చుట్టూ వెదురు కర్రలతో కంచె కట్టారు. ఒక్కరూ పసుప్పచ్చ చీర కట్టలేదు. రాజ్యలక్ష్మి గారు ఏదో అన్నారు, అందరూ గొల్లుమన్నారు. వాచ్‌మన్ ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ, ఇది ముట్టుకోకూడని స్థలమని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

సోమలింగం కొళాయి దగ్గర బకెట్టు నింపుకుని, రెండు చేతులా పట్టుకుని, పంచె తడుపుకుంటూ వచ్చాడు. కంచె లోపలికి కాలు పెట్టబోయాడు.

"ఏవండీ," అంది హైమావతి.

బకెట్టు చేతిలో ఊగి నీళ్ళు సగం ఒలికాయి. ఎన్నాళ్ళయిందో ఆ మాట విని.

"ఆర్డరు చూళ్ళేదా? మున్సిపాలిటీ వాళ్ళు ముట్టుకోకూడదు."

"నేనే కదా టైపు చేయించింది."

"మరింకేం? బకెట్టక్కడ పెట్టి పక్కకి జరగండి."

"రిటైరయ్యాక రావచ్చా?"

హైమావతి మొక్క మొదట్లో మట్టి నొక్కుతోంది. "అప్పుడు దరఖాస్తు పెట్టుకోండి," అంది. "సంఘం పరిశీలిస్తది."

సోమలింగం బకెట్టు కంచె అంచున దింపాడు. ఆవిడ చెయ్యి చాపి లోపలికి లాక్కుంది. రిటైరు కావడానికి ఆయనకు ఇంకా మూడేళ్ళుంది. కంచెకు ఇవతల, నీడ లేని నేలమీద, ఆయన చెప్పులు విడిచి చతికిలబడి, ఆవిడ మొక్కకు నీళ్ళు పోస్తుంటే చూస్తూ కూర్చున్నాడు.